మా ఊరి పుస్తకం

మా ఊరు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, హోసూరుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బస్సెక్కితే తమిళం, సంతకు పోతే కన్నడం. ఈ మూడూ మా పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. నేను ఆ ఊరి బడిలోనే చదువుకున్నాను. తరువాత తెలుగులో ఎం.ఏ. చేసి, చుట్టుపక్కల బడులలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పి, చివరకు మా ఊరి బడికే ఉపాధ్యాయుడిగా వచ్చాను.

2018 జూన్‌లో, బడి తెరిచిన కొత్తలో, ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. మధ్యలో విజయనగరం ప్రస్తావన వచ్చింది. కృష్ణదేవరాయలు రాజ్యానికి వచ్చిన సంవత్సరం 1509 అని పిల్లలు టక్కున చెప్పారు. నాకు సంతోషం కలిగింది. "సరే, మన ఊరికి ఈ పేరెలా వచ్చింది? మన చెరువును ఎవరు తవ్వారు?" అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. వెనక బల్ల మీది పిల్లవాడొకడు లేచి, "మీరే చెప్పండి సార్" అన్నాడు.

నాకూ తెలియదు.

ఆ రాత్రి మా జేజి జ్ఞాపకం వచ్చింది. నేను ఎం.ఏ. చదివే రోజులలో సెలవులకు ఇంటికి వస్తే, ఆమె రాగులు విసురుతూ చెరువు మీద ఒక పాట పాడేది. ఊరు కట్టిన నాటి సంగతులు చెప్పబోయేది. నేనేమో శ్రీనాథుడి మీద పరీక్షకు చదువుకుంటూ, "తరువాత చెబుదువులే జేజీ" అనేవాణ్ణి. ఆ "తరువాత" రాలేదు. జేజి పోయింది. ఆమెతోపాటు ఆ పాటా పోయింది. శ్రీనాథుడి పద్యాలు పుస్తకాలలో భద్రంగా ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. పోయేది జేజి మాట అని నాకు అప్పుడు తోచలేదు.

మరునాడు తరగతిలో పిల్లలకు కావలి సోదరుల సంగతి చెప్పాను. ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం కల్నల్ కాలిన్ మెకంజీ అనే అధికారి దగ్గర పనిచేశారు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకు భూమిని కొలవడమే కాదు, ఆ భూమి మీద బతికిన మనుషుల కథలు సేకరించడమూ ఇష్టమే. ఆయన కోసం ఊరూరా తిరిగి శాసనాలు నకలు చేసినవారు, కరణాల కవిలెలు చూసి రాసుకున్నవారు మన వాళ్ళే. 1803లో బొర్రయ్య చనిపోగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. అలా రాసిన ఊళ్ళ వృత్తాంతాలనే కైఫీయత్తులు అంటారు.

"మన ఊరి కైఫీయత్తు మనమే రాద్దాం సార్" అన్నారు పిల్లలు. పదకొండు మంది ముందుకు వచ్చారు. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకున్నాం. పంచాయతీ అధ్యక్షుణ్ణి కలిశాం. ఒక ఆదివారం రచ్చబండ దగ్గర ఊరివాళ్ళకు సంగతి చెప్పాం. విన్న పెద్దమనిషి ఒకాయన నవ్వి, "మన ఊళ్ళో ఏముందయ్యా చరిత్ర? కోట ఉందా? రాజు ఉన్నాడా?" అన్నాడు. ఆ మాటకు అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

పని మొదలుపెట్టే ముందు కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఒకటి: చెప్పినవారి పేరు, వయస్సు, చెప్పిన తేదీ తప్పక రాయాలి. రెండు: వాళ్ళు చెప్పిన మాటను చెప్పినట్టే రాయాలి. మన పుస్తకాల భాషలోకి దిద్దరాదు. మూడు: ఎవరి కాగితాలూ ఇంటి నుంచి తీసుకురారాదు, వాళ్ళ ఎదుటనే నకలు చేసుకొని అక్కడే ఇచ్చివేయాలి. నాలుగు: ఎవరైనా ఒక సంగతిని రాయవద్దంటే రాయరాదు. సెల్‌ఫోనులో మాటలు పట్టుకోవచ్చు గాని, ముందుగా అడిగి మాత్రమే.

కోట లేని మా ఊళ్ళో ఎన్ని దొరికాయో! ఒక ఇంట్లో పాత క్రయపత్రాలు, ఇంకొక ఇంట్లో పెండ్లి శుభలేఖల కట్ట. అటకల మీది ఇత్తడి బిందెల మీద, చెంబుల మీద చెక్కించిన పేర్లు, తేదీలు చూసి ఏ ఆడబిడ్డ ఏ సంవత్సరం ఈ ఊరికి కోడలుగా వచ్చిందో పిల్లలు రాసుకున్నారు. తమిళనాడులో కరణీకం 1980లో రద్దయింది. అంతకు ముందు ఊరి లెక్కలు ఎలా రాసేవారో పాత కరణంగారి కుటుంబం వారు చెప్పారు.

చెరువు కట్ట మీద పసుపు, కుంకుమ పూసి మొక్కే రాయి ఒకటుంది. దాన్ని దేవుడి రాయి అనేవాళ్ళం. దగ్గరగా కూర్చొని చూస్తే, విల్లు పట్టిన మనిషి, అతని వెనుక ఆవులు కనిపించాయి. అది వీరగల్లు. తమిళంలో నడుకల్ అంటారు. పూర్వం శత్రువులు పశువులను తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయిన వీరుల జ్ఞాపకంగా ఇటువంటి రాళ్ళు నిలిపేవారు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో ఇవి చాలా ఉన్నాయి. ఎన్నడో ఒకడు ఊరి పశువుల కోసం ప్రాణం ఇచ్చాడు, ఊరు అతని పేరు మరచిపోయింది, మొక్కడం మాత్రం మరువలేదు. ఆ రాయిని గీకవద్దని, కడగవద్దని పిల్లలకు చెప్పి, బొమ్మ మాత్రం గీయించాను.

నేర్చుకోవడంలో తప్పులూ జరిగాయి. ఒక తాత "ధాత కరువులో మా ముత్తాత ఆకులు తిని బతికినాడంట" అన్నాడు. ఒక పిల్లవాడు పంచాంగం చూసి ధాత సంవత్సరం 1996 అని రాసుకొచ్చాడు. ఆ ఏడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను, ఎవరూ ఆకులు తినలేదు! తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కదా. అంతకు ముందరి ధాత 1936లో, దాని ముందరిది 1876లో వచ్చాయి. తాత వయస్సు నుంచి తరాలు లెక్కపెట్టి చూస్తే 1876 సరిపోయింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాకరువు అదే. పిల్లలు చరిత్ర పుస్తకంలో చదివిన కరువు, తాత ముత్తాత తిన్న ఆకులు ఒకటేనని తెలిసిన రోజున తరగతి కాసేపు నిశ్శబ్దమైపోయింది.

ఆరు నెలలలో నలభై పేజీలు తయారయ్యాయి. సంక్రాంతి సెలవులకు ముందు ఒక సాయంత్రం బడిలో చదివి వినిపించాం. ఊరి పెద్దలు కొందరు వచ్చారు. కొన్ని కుటుంబాలు బండ్లు కట్టుకొని వచ్చి, అడవి కొట్టి, ఊరు కట్టి, చెరువు తవ్వుకున్న కథ, ఒక వానాకాలం రాత్రి కట్ట తెగబోతే గ్రామపెద్దలు రాత్రికి రాత్రే దాన్ని కాపాడిన కథ చదువుతుంటే అందరి ముఖాలూ వెలిగాయి. నాకూ గర్వంగానే ఉంది. ఆ పెద్దలలో మా తాత కూడా ఒకరు.

చదవడం అయ్యాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. ఆ అమ్మాయి ఇల్లు ఊళ్ళో కాదు, చెరువు మరవకు అవతల ఉన్న కాలనీలో.

"సార్, మా అవ్వను అడగలేదే?" అన్నది.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి గొంతు కొంచెం వణికింది గాని కూర్చోలేదు. "చెరువు తవ్వుకున్నారని రాసినారు. తవ్వింది ఎవరు సార్?"

నేను పుస్తకం చివర ఉన్న పట్టిక తీశాను. మేము అడిగినవారు ముప్పై నలుగురు. అందులో ఆడవారు ఎనిమిది మంది. కాలనీ నుంచి ఒక్కరూ లేరు. కావాలని వదలలేదు. ఆ మాట నాకు నేను చెప్పుకొని చూశాను. సమాధానపడలేకపోయాను. కావాలని వదిలి ఉంటే కనీసం వాళ్ళు ఉన్నారని గుర్తుండేది. మాకు ఆ గుర్తే లేకపోయింది. ఆ అమ్మాయి పదకొండు మందిలో ఒకతెగా ఆరు నెలలు మాతోపాటు ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కనాడైనా "మీ ఇంటికి పోదాం" అని నేను అనలేదు. కైఫీయత్తులు రాసినవారు ఎక్కువగా కరణాలను, గ్రామపెద్దలను అడిగి రాసుకున్నారని నేనే తరగతిలో చెప్పాను. రెండు వందల ఏళ్ళ తరువాత నేనూ అదే చేశాను.

మరునాడు సాయంత్రం పిల్లలతో కలిసి ఆ ఇంటికి వెళ్ళాను. అవ్వకు ఎనభై దాటి ఉంటాయి. నన్ను చూసి లేచి నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు. నేను తిన్నె మీద కాకుండా నేల మీద కూర్చుంటే, అప్పుడు తానూ కూర్చుంది. "మా కాడ ఏముంది అయ్యవారా, రాసుకొనేకి?" అన్నది. రచ్చబండ దగ్గర పెద్దమనిషి అన్నదీ ఇదే మాట. అయితే ఆయన నవ్వుతూ అన్నాడు. ఈమె నవ్వలేదు.

అమ్మాయి అవ్వ చెయ్యి పట్టుకొని, "తూము సంగతి చెప్పవ్వా" అన్నది.

అవ్వ భర్త, ఆయన తండ్రి, ఆయన తాత ఈ ఊరి నీరుగంట్లు. చెరువు నీళ్ళను పొలాలకు పంచేవాణ్ణి నీరుగంటి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ కయ్యకు ఎంతసేపు నీళ్ళు పోవాలి అన్నది ఆయన చేతిలో పని. సొంతానికి సెంటు మాగాణి లేని మనిషి. అందుకే పెద్ద రైతుకూ చిన్న రైతుకూ నీళ్ళు సమానంగా పంచగలిగేవాడని అవ్వ చెప్పింది. నీళ్ళు తగ్గిన ఏడు ముందుగా ఎవరి పైరు ఎండుతుందో చూసి, రాత్రిళ్ళు లాంతరు పట్టుకొని మడవలు తిప్పేవాడు. ఇందుకు కూలి డబ్బు కాదు. పంట నూర్చిన నాడు కళ్ళం దగ్గర ఇచ్చే మేర గింజలే.

అవ్వ చెబుతుంటే పిల్లలు మధ్య మధ్య ఆపి అడిగారు. "మడవ అంటే ఏమవ్వా?" "గెనిమ అంటే?" రైతుబిడ్డలే అయినా వాళ్ళకు బోరు తెలుసు, డ్రిప్పు తెలుసు, ఈ మాటలు తెలియవు. మడవ అంటే కాలువ నుంచి పొలంలోకి నీళ్ళు మళ్ళించే దారి. గెనిమ అంటే పొలం గట్టు. ఎం.ఏ. చదివిన నేను కూడా రెండు మూడు మాటలు అప్పుడే నేర్చుకున్నాను.

తరువాత కట్ట తెగబోయిన రాత్రి సంగతి వచ్చింది. ఆ రాత్రి వానలో కట్ట చూసి రావడానికి పోయింది అవ్వ మామ. ఒకచోట నీరు ఊరుతూ కట్ట లోపలికి దిగిపోతున్నదట. ఊరిదాకా పరుగెత్తే వ్యవధి లేదు. ఆయన కట్ట మీదనే నిలబడి తప్పెట కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు ఊరూ కాలనీ లేచి వచ్చాయి. గడ్డిమోపులు, ముండ్లకంపలు, మట్టి మూటలు వేసి తెల్లవారేదాకా గండి పడకుండా కాచారు. "అప్పుడు నా పెద్దకొడుకు ఉయ్యాలలో ఉన్నాడు" అన్నది అవ్వ. ఆ పెద్దకొడుకు పుట్టిన తేదీ మా బడి రిజిస్టరులోనే దొరికింది. అలా, ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయిన ఆ వాన సంవత్సరం మాకు తెలిసింది.

"ఆ ఏడు గంగమ్మ పూజలో ఆయనకు ముందు తాంబూలం ఇచ్చినారు" అన్నది అవ్వ. కాసేపు ఆగి, "దూరం నుంచే ఇచ్చినారులే" అన్నది. కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను రాస్తున్న కలం ఒక క్షణం ఆగింది. తరువాత ఆ మాట కూడా రాశాను.

లేవబోతూ, మా జేజి పాట సంగతి ఊరికే చెప్పాను. చెరువు మీద పాట అనగానే అవ్వ సన్నని గొంతుతో అందుకుంది. అదే పాట! సగం దాకా వచ్చి ఆగిపోయింది, మిగిలింది ఆమెకూ గుర్తులేదు. "నాట్లు వేసేటప్పుడు మేము పాడేది ఇది. మీ జేజి గట్టు మీద నిలబడి వింటా వింటా నేర్చుకొనింది" అన్నది. మా ఇంటి పాట అనుకున్నది మా ఇంట పుట్టలేదు. పోయిందనుకున్న పాట, నేను ఎన్నడూ అడగని గడపలో ఇన్నాళ్ళూ ఉంది.

కొత్తగా రాసిన పేజీలు చూసి మా చిన్నాయనకు కోపం వచ్చింది. "ఏంరా, కట్ట కాపాడింది మన పెద్దలని అందరికీ తెలుసు. దాన్ని మార్చి రాస్తావా? చెరువుకు ఖర్చు పెట్టింది ఎవరు?" అన్నాడు.

"మార్చలేదు చిన్నాయనా. మీరు చెప్పింది మీ పేరుతో ఉంది. అవ్వ చెప్పింది అవ్వ పేరుతో ఉంది. రెండూ పక్కపక్కన ఉంటాయి" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు నేనే అడిగాను. "ఆ రాత్రి మీకు పదేళ్ళు ఉంటాయి కదా. మిమ్మల్ని లేపింది ఎవరు?"

చిన్నాయన చెరువు వైపు చూస్తూ ఉండిపోయాడు. "తప్పెట చప్పుడురా" అన్నాడు మెల్లగా. "వానలో ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. భయపడి మా అమ్మను పట్టుకున్నాను." మరి ముందు ఎందుకు చెప్పలేదని అడిగితే, "కట్టను కాపాడింది ఎవరని మీ పిల్లలు అడిగినారు. లేపింది ఎవరని అడగలేదు కదా!" అన్నాడు.

ఆ మాట నాకు పెద్ద పాఠం. చిన్నాయన అబద్ధం చెప్పలేదు. మేము అడిగినదానికే జవాబు చెప్పాడు. చరిత్రలో ఏముంటుందన్నది ఎవరిని అడిగామన్నదాని మీదనే కాదు, ఏమి అడిగామన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఆ తరువాత మళ్ళీ మొదటి నుంచి తిరిగాం. కాలనీలో ప్రతి ఇంటికీ పోయాం. చాకలివారిని, కుమ్మరిని, సంతకు బుట్టలు అల్లుకొచ్చేవారిని అడిగాం. నలభై పేజీల పుస్తకం నూరు పేజీలు దాటింది. పిల్లలే చేతితో మూడు ప్రతులు రాశారు. ఒకటి బడిలో, ఒకటి పంచాయతీ కార్యాలయంలో, మూడవది కాలనీలో ఉంచాం. తెలుగు చదవలేని ఇరుగుపొరుగువారి కోసం తమిళంలో సంగ్రహం చేర్చాం. చివర ఇరవై తెల్లకాగితాలు వదిలాం. మేము అడగడం మరచినవారు ఇంకా ఉండే ఉంటారు.

మూడవ ప్రతిని అవ్వ చేతికి ఇచ్చాం. ఆమెకు చదువు రాదు. "దీంట్లో మా మామ పేరు ఉందా?" అని అడిగింది. మనుమరాలు పేజీ తీసి, ఆ పేరు మీద అవ్వ వేలు పెట్టించి చదివింది. అవ్వ కాసేపు ఆ అక్షరాలను చూసింది. "ఇంకోసారి చదువు" అన్నది.

పిల్లలూ! మీరు కోలారులో ఉండవచ్చు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. కాని ఆ గనులలో దిగిన తాతలు కొందరు ఇంకా ఉన్నారు. మీరు బరంపురంలో ఉండవచ్చు. 1936లో ఒడిశా వేరు రాష్ట్రం కాకముందు ఆ ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. అప్పటి ముచ్చట్లు తాతలు తండ్రులకు చెప్పే ఉంటారు. మీరు యానాంలో ఉంటే 1954 దాకా నడిచిన ఫ్రెంచివారి పాలన సంగతులు, సోలాపురంలో ఉంటే మగ్గం పట్టుకొని తెలుగునాడు విడిచివచ్చిన కుటుంబాల సంగతులు మీ వీధిలోనే దొరుకుతాయి. వాళ్ళ తెలుగులో కన్నడమో, ఒరియానో, మరాఠీయో కలిసి ఉందని చిన్నచూపు చూడకండి. ఆ కలిసిన మాటలే వాళ్ళు నడిచివచ్చిన దారి చెబుతాయి.

ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. రేపటికి వాయిదా వేయకండి. మొదట మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. ఆ తరువాత, ఇంతవరకూ ఎవరూ అడగని ఇల్లు మీ ఊళ్ళో ఏదో చూసుకొని, ఆ ఇంటికి వెళ్ళండి.